లారీ షెడ్డుకొచ్చిన ఆటపెట్టె

ఈ మధ్య మా వీధి పిల్లలు ఏ వస్తువు కొన్నా ముందు దాన్ని చెడగొట్టుకుంటున్నారు. బండి కొంటారు, సైలెన్సర్ కోయిస్తారు. హెల్మెట్ కొంటారు, దాని మీద పుర్రె బొమ్మ వేయిస్తారు. ఏందిరా ఇది అంటే ‘కస్టమ్ తాతా’ అంటారు. చదువుకున్నవాళ్లు ఏళ్లతరబడి కూర్చుని గీసి, కొలిచి, పోత పోసిన వస్తువును ఇంటికి తెచ్చి మూడో రోజు రంపం పెడితే దానికి కస్టమ్ అని పేరు. మా రోజుల్లో దాన్ని తిక్క అనేవాళ్లం.

నేను లారీలకు రంగులు వేసి బతికినవాణ్ణి. చిత్తూరు బైపాసులో ఒక షెడ్డులో నా జుట్టు నెరిసింది. ఊపిరితిత్తులు ఇంక మా వల్ల కాదు అన్నాక మానుకుని, ఇప్పుడు తిరుపతిలో మేడ మీద కూర్చుని దగ్గుకుంటున్నాను. రంగులు వేసిన తాత ఉన్నాడని తెలిసి పిల్లలు హెల్మెట్లు పట్టుకుని మెట్లెక్కి వస్తారు. వాళ్లకు చెప్పి చెప్పి విసుగొచ్చింది. అందుకే మా షెడ్డుకు ఒకసారి వచ్చిన ఆటపెట్టె సంగతి రాసి పెడుతున్నాను. చదువుకోండి. చదివాక కూడా కోయించుకుంటామంటే మీ ఖర్మ.

ముందు మా షెడ్డు సంగతి. గుద్దుకున్న లారీలు, తుప్పు పట్టిన లారీలు వచ్చేవి. ముందు రేకు పని, తరవాత రంగు పని. రంగు నాది. రేకు పని ఒక టింకరింగ్ మేస్త్రీది. సొట్ట పోయిన రేకును సుత్తితో సాపు చేయడం, తుప్పు తిన్నచోట కోసి కొత్త రేకు అతకడం, చిల్లులు మూయడం ఆయన పని. నాకంటే పెద్దవాడు. సుత్తి మోతకు అలవాటు పడి ఎవరితో మాట్లాడినా ఎదురు కొండ మీదున్నవాడిని పిలిచినట్టు అరిచేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు కదా, ఆయనకు ఏ ఊరూ మంచిది కాదు. నాతో సహా అందరితో గొడవే. నా రంగును చూసి ‘నా రేకు బాగుంది కాబట్టి నీ రంగు నిలబడింది’ అనేవాడు. నేను ‘నా రంగు మూసింది కాబట్టి నీ రేకు బతికింది’ అనేవాణ్ణి. అట్లా రోజులు గడిచాయి.

చిల్లు కనిపిస్తే ఆయనకు కడుపులో మంట. క్యాబిన్ పని అయిపోయాక తెల్ల చొక్కా తొడుక్కుని లోపల కూర్చుని, తలుపులు బిగించుకుని, నన్ను పైపుతో పైన నీళ్లు కొట్టమనేవాడు. నేను కొడుతూనే ఉండాలి. చొక్కా మీద ఒక్క చుక్క పడినా కిందికి దిగి, మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు. అంతా తిక్క వ్యవహారం. అయితే ఆయన మూసిన లారీ క్యాబిన్‌లోకి వాన వచ్చిందని ఒక్క డ్రైవరు కూడా తిరిగి రాలేదు. అది ఒప్పుకోవాలి.

ఇంక ఓనరు. షెడ్డు ఆయనకు నాయన దగ్గరి నుంచి వచ్చింది. సుత్తి ఏ వైపు పట్టుకోవాలో తెలియదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం. ఎవరో చెప్పారని స్టిక్కర్లు కోసే మిషను తెచ్చాడు. ఇంకెవరో చెప్పారని రేకు పనికి వచ్చిన బండ్లను కూడా ‘ఇప్పుడు రేకు పని ఎవరూ చేయరు సార్, కొత్త డోరు వేసుకోండి’ అని మళ్లించడం మొదలుపెట్టాడు. కొత్త డోరు అమ్మే అంగడి ఆయన బామ్మర్దిది. ఇంతకంటే నేను చెప్పక్కరలేదు.

దాంతో మేస్త్రీకి పని తగ్గింది. ఒకరోజు ఓనరు ఆయన్ని పిలిచి, ‘దసరా అయినాక ఇంటి పట్టున ఉండు మేస్త్రీ, వయసైంది గదా’ అన్నాడు. మేస్త్రీ నోరు అప్పుడు తప్ప నేనెప్పుడూ మూతపడగా చూడలేదు. అరవై దాటినవాణ్ణి ఇంకో షెడ్డులో ఎవరు పెట్టుకుంటారు? ఆయనా, భార్యా ఆ చేతి పని మీదే తింటున్నారు. మరునాటి నుంచి ఆయన అందరికంటే ముందు వచ్చి, ఏ సొట్టా లేని పాత రేకును నేల మీద పెట్టుకుని కొట్టడం మొదలుపెట్టాడు. ఓనరు కారు దిగేటప్పటికి షెడ్డులో సుత్తి చప్పుడు వినపడాలని. అది చూసి నాకు జాలి వేసింది, కోపం కూడా వచ్చింది. ఎవరి మీద కోపమో నాకే తెలియలేదు.

సరిగ్గా అప్పుడే వచ్చింది ఆటపెట్టె.

మా షెడ్డుకు రంగు కోసం వచ్చే లారీల్లో సగం ఒక్క ట్రాన్స్‌పోర్టాయనవి. ఆయన క్లీనరుగా మొదలై, డ్రైవరై, ఒక లారీ కొని, ఆ లారీ పిల్లలు పెట్టినట్టు ఎన్నో లారీలకు ఓనరైనాడు. పెద్దగా మాట్లాడడు. ఆయనకు ఒక్కడే కొడుకు. తిరుపతిలో ఇంజనీరింగ్ అయిపోయి, మేడ మీద గదిలో కూర్చుని టీవీకి ఆటపెట్టె తగిలించుకుని ఆటలాడుతూ ఉంటాడు. అది ఫోన్లలో జనం చూస్తారట. ఎవడో ఆడుకుంటుంటే ఇంకెవడో పని మానుకుని చూస్తాడట. మా తాతల కాలంలో కోళ్ల పందేలు ఇట్లే చూసేవాళ్లు, వాళ్లనేమో సోమరిపోతులు అనేవాళ్లు.

ఆ అబ్బాయి కారులో వచ్చి, గుడ్డలో చుట్టిన తెల్ల ప్లాస్టిక్ పెంకు ఒకటి ఓనరు బల్ల మీద పెట్టాడు. ఆటపెట్టె పైడొప్ప, కిందిడొప్ప అవి. లోపలి సామాను వాళ్ల స్నేహితుడెవరో విప్పి ఇంట్లోనే పెట్టుకున్నాడు. 

“దీన్ని కస్టమ్ చేయాలంకుల్. పైన రాకెట్ ఆకారంలో కోయాల. కోసినచోట లోపల అద్దం లాంటి ప్లాస్టిక్ బిళ్ల అతికించి నీలం లైటు పెడతా, రాకెట్ వెలగాల. బాడీ రంగు ఒక పక్క నుంచి చూస్తే ఊదా, ఇంకో పక్క నుంచి చూస్తే పచ్చ ఉండాల. దసరా ముందర లైవ్‌లో చూపిస్తానని అందరికీ చెప్పేసినా.”

“చేసేద్దాం బాబూ, అదెంత పని,” అన్నాడు ఓనరు. అదెంత పనో ఆయనకేం తెలుసు? రేపు ఎవడన్నా వచ్చి ఏనుగును పిల్లిగా చేయాలన్నా చేసేద్దామంటాడు.

అబ్బాయి వెళ్లాక ఓనరు మేస్త్రీని, నన్ను పిలిచాడు. “సూడండి. వాళ్ల నాయన లారీలు మనకు అన్నం. ఈ పెట్టె ఆ పిల్లోడికి నచ్చితే నువ్వు దసరా అయినాక కూడా ఉండచ్చు మేస్త్రీ. నచ్చలేదనుకో, దసరా దాకా కూడా వద్దు.”

మేస్త్రీ ఆ పెంకును అటూ ఇటూ తిప్పి చూశాడు. లారీ బాడీలు మోసిన చేతుల్లో అది చక్కిలాల డబ్బా మాదిరి ఉంది. “ఇంత బతుకు బతికి ఈ డబ్బా మీద పడినాదా నా గతి!” అని అరిచాడు. చెట్ల మీది కాకులు లేచాయి.

మరునాడు అబ్బాయి మళ్లీ వచ్చి కొలతలు చెప్పాడు. ఎంతసేపు చెప్పాడంటే టీలు రెండుసార్లు వచ్చాయి. వైర్లు దూరే సందులను పెన్నుతో చుట్టి, ఇవి మాత్రం ముట్టుకోవద్దన్నాడు. చివరికి మేస్త్రీ వైపు తిరిగి, “బాడీ అంతా స్మూత్‌గా ఉండాల మేస్త్రీ. నేను చుట్టినవి తప్ప యాడా ఒక్క గీత, ఒక్క బొక్క కనపడకూడదు. కోడిగుడ్డు మాదిరి ఉండాల,” అన్నాడు.

మేస్త్రీ మొహం వెలిగిపోయింది. ఆ మాట చెప్పే గిరాకీ కోసం ఆయన పుట్టినప్పటి నుంచి ఎదురుచూస్తున్నట్టుంది. అబ్బాయి కారెక్కాక నా భుజం మీద ఒక్కటి చరిచి, “సూసినావా అప్పా, ఈ కాలం పిలకాయల్లో ఈడొక్కడికే పని తెలుసు!” అన్నాడు. 

కోత మొదటిరోజే రభస. మేస్త్రీ లారీ రేకు కోసే కట్టర్ మిషను పెట్టాడు. ప్లాస్టిక్ కోసుకోలేదు, కరిగి చక్రానికి చుట్టుకుంది. షెడ్డంతా కంపు. అదృష్టం ఏమిటంటే కరిగింది ఎటూ కోసి పారేయాల్సిన మధ్య ముక్క. “ఇది రేకు కాదు, జున్ను!” అని తిట్టి మిషను పక్కన పెట్టాడు. యాక్సా బ్లేడును సగానికి విరిచి, ఒక చివర గుడ్డ చుట్టి, అది పిడిగా పట్టుకుని చేత్తో కోయడం మొదలుపెట్టాడు. 

తరవాత రాకెట్ గొడవ. అట్ట మీద మేస్త్రీ గీసిన రాకెట్ అచ్చం ముచ్చికతో ఉన్న వంకాయ. నేను నవ్వితే మండిపడ్డాడు. 

“నువ్వు సూసినావా రాకెట్టు?” 

“శ్రీహరికోటలో ఎగిరినప్పుడు మిద్దె మీద నుంచి చూసినాను గదన్నా.” 

“నేనూ సూసినా. నిప్పు తప్ప ఏం కనపడతాది? ఆ నిప్పు ముందర ఉండేది వంకాయో దోసకాయో నీకు తెలుసునా?”

అందులో న్యాయం లేకపోలేదు. చివరికి అబ్బాయి ఫోనులో పంపిన బొమ్మను కాగితం మీద ఎత్తి, డొప్ప మీద అతికించి, దాని అంచు వెంబడే కోశాడు. కోసి ఆకురాయితో అంచులు రుద్దాడు. వేలు పెట్టి తడిమితే ఎక్కడా గరుకు లేదు. ఆ చేతులతో అంత సన్నపని! నోరు విప్పి మెచ్చుకోలేదు నేను. మెచ్చుకుంటే ఇంకో పదేళ్లు చెప్పుకుంటాడు.

రంగు కోసం నేను మద్రాసు పోవాల్సి వచ్చింది. ఊసరవెల్లి రంగు చిత్తూరులో దొరకదు. లారీకి ఎవడు వేస్తాడు? ఎదురు బండివాడు ఊదా లారీ అనుకుని పక్కకు తప్పుకుంటే పచ్చ లారీ వచ్చి గుద్దుతుంది. బస్సులో పోయి, అంగడి అంగడీ తిరిగి, ప్లాస్టిక్‌కు పట్టే ప్రైమరూ ఆ రంగూ సంపాదించుకుని, చుట్టాలింట్లో పడుకుని తిరిగి వచ్చాను. వచ్చేటప్పటికి రెండు డొప్పలూ నా బల్ల మీద ఉన్నాయి. నున్నగా, బూడిద రంగు లప్పం పూసి, ఉప్పు కాగితంతో రుద్ది, రంగుకు సిద్ధంగా. పక్కన మేస్త్రీ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

“తడిమి సూడు.”

తడిమాను. కోడిగుడ్డే.

“ఏం లోపం ఉండాది సెప్పు.”

“ఏం లేదన్నా.”

“నువ్వట్ల మాటలు సెప్పేవాడివి గాదే! జొరం గిరం వచ్చిందా?” అని నవ్వుతూ పోయాడు. 

ఇంక రంగు సంగతి తొందరగా చెప్పేస్తాను. లోపలి మూల ఒక చుక్క థిన్నర్ వేసి ప్లాస్టిక్ తట్టుకుంటుందో లేదో చూసి, ప్రైమర్ కొట్టి, నల్ల రంగు కొట్టి, దాని మీద ఆ ఊసరవెల్లిని పలుచగా కొట్టి, పైన మెరుపు పూత వేశాను. ఆరాక ఎండలో పెట్టి తిప్పితే, నిజం చెప్పొద్దూ, బాగుంది. నేనే కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను. ముసలాడికి పిచ్చి పట్టిందని ఎవరైనా అనుకుంటారని మళ్లీ గుడ్డ కప్పాను. ఓనరు వచ్చి ముందువైపు మా షెడ్డు పేరూ ఫోను నంబరూ రాయమన్నాడు. వెనకవైపు దిష్టి బొమ్మ వేయమన్నాడు. ‘లారీకి వేస్తాం గదా, దీనికెందుకు వద్దు?’ అని ఆయన ప్రశ్న. ఈ సంగతి విని ఆ అబ్బాయి ఫోనులోనే ఏడుపు అందుకుంటే ఓనరు ఊరుకున్నాడు.

చూపించే రోజు వచ్చింది. అబ్బాయి మమ్మల్ని కూడా ఇంటికి రమ్మన్నాడు, తయారుచేసినవాళ్లను లైవ్‌లో చూపిస్తాడట. ఓనరు జరీ అంచు పంచె కట్టాడు. మేస్త్రీ క్యాబిన్‌లో కూర్చునే తెల్ల చొక్కాను ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. కారులో చిత్తూరు నుంచి తిరుపతి దాకా దోవంతా మోకాళ్లు రుద్దుకుంటూనే ఉన్నాడు. ఆ పొద్దుతో ఆయన ఉండేదో పోయేదో తేలిపోతుంది మరి.

మేడ మీద గది చూస్తే నవ్వొచ్చింది. గోడలకు నీలం లైట్లు, ఎర్ర లైట్లు, విమానంలో ఉండేలాంటి కుర్చీ. స్నేహితుడు లైవుకు టైమైపోతుందని ఆదరాబాదరాగా లోపలి సామాను బిగించి పెట్టాడు. పెట్టె బల్ల మీద ఉంది. ట్రాన్స్‌పోర్టాయన లుంగీతోనే పైకి వచ్చి, కొత్త బండికి చేసినట్టే పెట్టెకు కుంకుమ బొట్టు పెట్టి, నాలుగు మూలలా నాలుగు నిమ్మకాయలు పెట్టి, కర్పూరం తిప్పాడు. 

“నాన్నా, లైవ్ స్టార్ట్ అయింది!” అని కొడుకు గింజుకున్నాడు.

“అయితే కానీ. వాళ్లూ దండం పెట్టుకుంటారు,” అన్నాడాయన.

అబ్బాయి మీట నొక్కాడు. రాకెట్ నీలంగా వెలిగింది. రంగు ఊదా నుంచి పచ్చకు తిరిగింది. ఫోనులో జనం ఏవో గుండె బొమ్మలు పంపుతున్నారట, అబ్బాయి చదివి చదివి ఎగురుతున్నాడు. ఓనరు ముందుకు జరిగి ఫోనుకు మొహం చూపించి, “నేనే దగ్గరుండి చేయించినా,” అన్నాడు. మేస్త్రీ గోడకు ఆనుకుని, గట్టిగా ఊపిరి వదిలాడు. నా చేయి పట్టుకుని నొక్కాడు. బతికినానప్పా అన్నట్టుంది ఆ నొక్కడం.

సరిగ్గా అప్పుడే ఓనరు నా పక్కకు వచ్చి చెవిలో అన్న మాట వినండి. “బాగొచ్చింది పని. ఇంక ఇట్లాంటివి బోలెడు వస్తాయి. ఆకారాలు కోసే మిషను బుక్ చేసేసినా. మేస్త్రీని దసరాకి పంపించేస్తాలే. మిషనుంటే ఈయనతో పనేముంది?”

నేను ఆయన మొహం చూశాను. సిగ్గన్నది మచ్చుకైనా లేదు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాను గానీ ఈయన ఏరు దాటుతూనే అగ్గిపుల్ల గీశాడు. ఏమన్నా అందామంటే గది నిండా జనం, ఎదురుగా లైవు. పళ్లు కొరుక్కుని నిలబడ్డాను.

అబ్బాయి ఆట మొదలుపెట్టాడు. కొంచెంసేపు బాగానే సాగింది. తరవాత పెట్టెలోంచి ఒక మోత మొదలైంది. మొదట చిన్నగా ఉండి, మెల్లగా పెరిగి, తిరుమల ఘాట్ రోడ్డులో ఫస్ట్ గేరులో ఎక్కే బస్సు మాదిరి మూలగడం మొదలుపెట్టింది. నా మెరుపు పూత వేడెక్కిన వాసన నా ముక్కుకు ముందే తగిలింది. టీవీ మీద ఏదో ఇంగ్లీషు మాట వచ్చింది. పెట్టె ఆగిపోయింది. రాకెట్ ఆరిపోయింది.

“ఓవర్‌హీట్ అంటాండాది!” అని అబ్బాయి పెట్టెను తాకి, చేయి కాలి వెనక్కి తీశాడు. చొక్కా అంచుతో పట్టుకుని తిప్పి చూశాడు. వెనకవైపు చూశాడు. పక్కలు చూశాడు. మొహం పాలిపోయింది.

“ఈడ హోల్స్ ఉండాల. వెనకాలంతా చిన్న చిన్న హోల్స్. యాడ పోయినాయి?”

అందరూ మా వైపు తిరిగారు. మేస్త్రీ ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ మొహంలో భయం లేదు. ఎంత గర్వంగా చెప్పాడో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

“ఆ జల్లెడా? అంతా మూసేసినా నాయనా! ఒగటి గూడా వదల్లేదు. లోపలి పక్క నుంచి ప్లాస్టిక్ పట్టీ వేసి, జిగురు పోసి, పైన లప్పం పెట్టి, సూది మొనంత చిల్లు గూడా మిగల్లేదు. ఎంత పని పట్టిందో తెలుసునా?”

“అది గాలి పోయేదానికి మేస్త్రీ! లోపల ఫ్యాను ఉంటాది! వేడి యాడికి పోతాది?”

“గాలి కావాలని సెప్పలేదే నువ్వు. వైర్ల సందులు సుట్టినావు, వదిలినా. ఒక్క బొక్క గూడా కనపడకూడదంటివి, కనపడనీలేదు.”

“అది ఎవరైనా చెప్పాల్నా? కామన్‌సెన్స్ గదా!”

మేస్త్రీ అర్థంకానట్టు చూశాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. లారీ బాడీకి చిల్లుందంటే అది తుప్పు చేసిన నష్టం. ఎవడైనా కావాలని వేల చిల్లులు పొడిచి వస్తువు అమ్ముతాడని ఆయన కలలో కూడా అనుకోడు. గాలి రావాలంటే అద్దం దించుకుంటారు, అంతే ఆయనకు తెలిసింది. మరి ఆ ఇంజనీరు పుత్రరత్నం? లోపలి సామాను ఇంట్లో దాచుకుని, వట్టి పెంకు చేతికిచ్చి, టీలు రెండుసార్లు తాగి కూడా అసలు మాట చెప్పలేదు. పైగా కామన్‌సెన్స్! అది ఉన్నవాడు కొన్న పెట్టెను కోయించుకుంటాడా?

ఓనరుకు మాత్రం మంచి అవకాశం దొరికింది. వేలు చూపించి గది అదిరేలా అరిచాడు. “నువ్వే గదా మూసింది! ముసలోడివని జాలిపడి పెట్టుకుంటే ఇంత పని చేస్తివి! నాకు నీ మొహం చూపించద్దు. దసరా లేదు, ఏం లేదు. ఇప్పుడే పో!”

ఇదంతా ఫోనులో జనం చూస్తూనే ఉన్నారు, అబ్బాయి ఆపడం మరిచిపోయాడు. గుండె బొమ్మలు ఇంకా ఎక్కువ వచ్చాయని తరవాత తెలిసింది. థూ!

మేస్త్రీ పోలేదు. తలుపు వైపు చూశాడు, నా వైపు చూశాడు, అక్కడే నిలబడ్డాడు. తెల్ల చొక్కా చెమటకు వీపుకు అంటుకుంది. ఆ మనిషి అంత చిన్నగా కనిపించడం నేను భరించలేకపోయాను.

అప్పటిదాకా నిమ్మకాయలు ఏరుకుంటున్న ట్రాన్స్‌పోర్టాయన పెట్టె దగ్గరికి వచ్చాడు. కొడుకు చేతిలోంచి దాన్ని లాక్కుని కిందిడొప్ప విప్పించాడు. విప్పిన డొప్పను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. ఒక కన్ను మూసి చూశాడు. బొటనవేలు తడి చేసుకుని వెనకవైపంతా పాముతూ పోయాడు. మళ్లీ వెలుతురుకు పట్టాడు. కొడుకును అడిగాడు.

“ఎన్ని బొక్కలు ఉన్నింటాయి ఈడ?”

“వేలు ఉంటాయి నాన్నా. మొత్తం స్పాయిల్ చేసినాడు.”

“నువ్వు గమ్మునుండు.” మేస్త్రీ వైపు తిరిగాడు. “నువ్వొక్కడివే మూసినావా?”

“ఊఁ.”

“నా బండ్లు సూసినావా ఎప్పుడన్నా?”

“రంగుకు వస్తాయి గదా, సూసినా. టాపులంతా జల్లెడ. ముట్టుకోనియ్యరు నన్ను.”

“ఎవురు?”

మేస్త్రీ ఓనరు వైపు చూశాడు. ఓనరు గొంతు సవరించుకున్నాడు.

ట్రాన్స్‌పోర్టాయన ఓనరు దగ్గరికి నడిచి వెళ్లాడు. గొంతు పెంచలేదు. “వానొస్తే నా డ్రైవర్లు గోతాము పట్ట కప్పుకొని తోలుతాండారు. రేకు పని సేసేవాళ్లు ఇప్పుడు లేరు, కొత్తవి వేసుకోమని నాకు సెప్పింది నువ్వే గదా? ఈ మనిషిని ఇన్నాళ్లూ యాడ దాసి పెట్టినావు?”

“అది కాదు సార్, ఈయనకు వయసైంది...”

“నేను అడిగింది వయసు కాదు.” మళ్లీ మేస్త్రీ దగ్గరికి వచ్చాడు. “తిరుపతిలో నా యార్డుండాది. బండ్లన్నీ నీ చేతికిస్తా. వస్తావా?”

ఆ మాటతో ఓనరు మారిపోయిన వేగం చూడాలి మీరు. నా ఊసరవెల్లి రంగు కూడా అంత తొందరగా మారదు. “సార్ సార్! మేస్త్రీ మా షెడ్డుకు మూలస్తంభం సార్. మా నాయన కాలం మనిషి. కోపంలో ఒక మాటంటాం, అంతమాత్రాన...” అంటూ మేస్త్రీ భుజం మీద చేయి వేశాడు. “మేస్త్రీ, నువ్వు యాడికీ పోవద్దు. నీకు నేనుండా!”

మేస్త్రీ ఆ చేతిని తీసి పక్కన పెట్టాడు. ఆయన గొంతు మామూలు స్థాయికి వచ్చింది, అంటే వీధి చివరిదాకా వినపడింది.

“పొమ్మన్నావు గదా. పోతాండా.”

పొమ్మన్నప్పుడు కదలని మనిషి ఉండమనేసరికి కదిలాడు. తలుపు దాకా పోయాక అబ్బాయి ఏడుపు గొంతుతో, “మరి నా పెట్టె? ఆ హోల్స్ అన్నా తిరిగి పెట్టి పో మేస్త్రీ,” అన్నాడు. 

మేస్త్రీ వెనక్కి తిరిగి నిమ్మళంగా చెప్పాడు. “మూసేది నా పని నాయనా. బొక్కలు పెట్టేదానికి ఎవురైనా సాలు.”

ఓనరు కింద కారులో మా కోసం కూర్చున్నాడు. మేమిద్దరం ఆయన ముందు నుంచే నడిచి బస్టాండుకు పోయాం. చిత్తూరు బస్సులో కూర్చున్నాక నేను ఆగలేక చెప్పేశాను, ఓనరు నా చెవిలో అన్న మాట. పెట్టె చక్కగా ఆడి ఉంటే, అబ్బాయి మెచ్చుకుని ఉంటే, మిషను వచ్చేది, ఈయన పోయేవాడు. 

మేస్త్రీ చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. చంద్రగిరి దాటింది. 

“అంటే పని సెడిపోయింది కాబట్టి బతికినానంటావా?” అన్నాడు.

“అట్లే గదన్నా అయింది.”

“కాదప్పా.” బస్సులో అందరూ తిరిగి చూసేంత గట్టిగా అన్నాడు. “పెట్టె సెడిపోయింది. పని సెడిపోలేదు.”

అన్నేళ్లలో ఆయనతో వాదనలో నేను ఒప్పుకుని ఊరుకోవడం అదొక్కసారే.

మేస్త్రీ తిరుపతి యార్డులో చేరాడు. దసరా అయ్యాక షెడ్డుకు ఆ మిషను వచ్చింది. ఏ ఆకారం చెబితే ఆ ఆకారం కోస్తుంది. ఓనరు దానికి పూలదండ వేసి, పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. పిల్లలు డబ్బాలు, పెట్టెలు తెచ్చి కోయించుకునేవాళ్లు, నేను వాటికి రంగులు వేసేవాణ్ణి. కోయమంటే మిషను కోసేది, మూయమంటే మాత్రం దానికి చేతకాదు. నా రంగును చూసి ఇది నా రేకు మహిమ అని అరిచేవాడు లేడు. ఆ షెడ్డులో నేను ఇంకొన్నాళ్లు పనిచేశాను గానీ, నా రంగు బాగుందో లేదో చెప్పేవాడు మాత్రం మళ్లీ నాకు దొరకలేదు.